ఉతకని చీర

ప్రయాణం ఎల్లుండి. శాంతమ్మ ఆసుపత్రిలో ఆఖరి డ్యూటీ ముగించుకొని మధ్యాహ్నం ఇంటికి వచ్చేసరికి, మూడు రోజులుగా సర్దిన ట్రంకు పెట్టె ఖాళీగా ఉంది. బట్టలన్నీ చాప మీద ఉన్నాయి. అత్త భీమక్క వాటి మధ్య కూర్చొని, ఒక్కొక్క చీర మడత విప్పి ముక్కు దగ్గర పెట్టుకొని చూసి పక్కన పడేస్తోంది.

శాంతమ్మ గడపలోనే నిలబడిపోయింది. నెల రోజులుగా ఆమె భయపడుతున్నది ఇలాంటిదేదో జరుగుతుందనే...

ఇంగ్లండులో రెండేళ్ల కాన్పుల చదువుకు మిషను వాళ్లు శాంతమ్మను ఎంపిక చేసిన నాటి నుంచి భీమక్క అవుననలేదు, కాదనలేదు. భర్త దావీదు ఆదోని పత్తి ఫ్యాక్టరీలో పని చేస్తాడు. పోయి రమ్మన్నది అతనే. రెండున్నరేళ్ల కూతురు ఎస్తేరు తన అవ్వ భీమక్క దగ్గర ఉంటుందని తేల్చిందీ అతనే. ఆ అవ్వను మాత్రం ఎవరూ అడగలేదు. తిరిగి వచ్చేసరికి బిడ్డ నన్ను గుర్తుపడుతుందా అని శాంతమ్మ ఒకసారి భర్తను అడిగింది. అతను నవ్వి, స్టూడియోలో ఆమెకు ఫొటో తీయించి గోడకు తగిలించాడు. అంతటితో ఆ మాట అయిపోయింది. ఆమెకు మాత్రం అయిపోలేదు.

"పోవద్దంటే నోటితో చెప్పొచ్చు గదత్తా. పెట్టె దింపేదెందుకు?" అన్నది శాంతమ్మ.

భీమక్క తల ఎత్తలేదు. "అన్నీ ఉతికేస్తివా?"

"ఉతక్కుండా ఎట్ల తీసుకపోయేది?"

"ఒక్కటన్నా మిగల్లేదా? కట్టి ఇడిసింది?"

మిగల్లేదు. శాంతమ్మ నర్సు. ఊరు వదిలే ముందు ఇంట్లో ఉన్న గుడ్డనల్లా సోడా వేసి ఉడకబెట్టింది. చీరలు, దుప్పట్లు, బిడ్డ తలగడ గలీబు... ఇల్లంతా సబ్బు వాసన వేస్తోంది. అది చూసుకొని ఆమె తృప్తి పడింది కూడా.

భీమక్క చేతిలోని చీర కింద పెట్టింది. ఆమెది కోసిగి. వానలు లేని ఏడు అక్కడి వాళ్లు పిల్లలను ముసలివాళ్ల దగ్గర వదిలి దూరదేశం కూలికి పోతారు. దాన్ని సుగ్గి అంటారు.

"దావీదుకు రెండేండ్లప్పుడు నేను గదగు దిక్కు పత్తి ఏరను పోతిని," అన్నది భీమక్క. "పోయే ఆడోళ్లు ఒంటి మీది చీర ఇడిసి, ఉతక్కుండ బిడ్డ పక్కలో పెట్టిపోతారు. వాసన పట్టుకొని పండుకుంటాది బిడ్డ. నాకుండేదే రెండు చీరలు. ఒకటి కట్టుకుంటి, ఒకటి మూటలో పెట్టుకుంటి. ఆర్నెల్లకు తిరిగొస్తే ఈడు మా యమ్మ ఎనక దాంకున్నాడు. ఎనిమిది దినాలు నా కాడికి రాలేదు. ఎనిమిది దినాలు..." ఆమె గోడ మీది ఫొటోకేసి చూసింది. "ఫొటోకు వాసన ఉంటాదా?"

అన్నానికి వచ్చిన దావీదు చెప్పులు విడుస్తూ ఇదంతా విన్నాడు. ఆ పూట తల్లి పక్కన కూర్చొని తిన్నాడు. పెళ్లయ్యాక అతను అట్లా కూర్చోవడం శాంతమ్మ చూడలేదు.

భీమక్క ఒక పచ్చ చీర తీసి కోడలి ఒళ్లో వేసింది. ఎమ్మిగనూరు నేత, రోజూ ఇంట్లో కట్టేది. "రెండు దినాలుంది. బండెక్కేదాంక ఇదే కట్టు. పొయ్యి కాడ కూసో, బిడ్డనెత్తుకో, దీంట్లోనే పండుకో."

"స్నానం?"

"నీకు చేసుకో. చీరకొద్దు."

శాంతమ్మకు నవ్వు, ఏడుపు కలిసి వచ్చాయి.

తర్వాత భీమక్క పెట్టె మళ్లీ సర్దింది. మిషను దొరసాని టైపు చేయించి ఇచ్చిన జాబితా కొడుకు చేత చదివించుకొన్నది. ఉన్ని కోటు, మేజోళ్లు, బూట్లు... ఇరవై ఒక్క వస్తువులు. అంతా విని, లంగా బొందులు ఏవని అడిగింది. జాబితాలో లేవు. "దొరసాని గౌనేసుకుంటాది, ఆమెకేం దెలుసు," అని మూల నుంచి ఒక మూట తెచ్చి విప్పింది. ఎమ్మిగనూరు మగ్గాల దగ్గర అడిగి తెచ్చిన నూలుతో పేనిన బొందులు ఎనిమిది. పాత చీరలు చించి మడిచిన నెలసరి గుడ్డలు. సూది, దారం. నెల రోజులుగా ఆమె నోరు విప్పకుండా చేసిన పని ఇది.

ఆదోని స్టేషనులో, బొంబాయి మెయిలు రాకముందు, ఆడవాళ్ల గదిలో శాంతమ్మ చీర మార్చుకొన్నది. విడిచిన చీరలో పొగ, తిరగమోత, బిడ్డ తలనూనె వాసన. భీమక్క దాన్ని నేల తగలనీయకుండా అందుకొని కొంగులో చుట్టుకొన్నది.

అయిదో నెలలో దావీదు ఉత్తరం వచ్చింది. అమ్మకు జ్వరమొస్తే పక్కింటి పార్వతమ్మ సాయానికి వచ్చి, ఆ చీర కూడా ఉతికేసిందట. అమ్మ ఆమెతో మూడు దినాలు మాట్లాడలేదట. బిడ్డ సరిగా నిద్రపోవడం లేదట. "అక్కడ ఒక చీర కట్టి, ఉతకకుండా పంపమంటోంది అమ్మ. సబ్బు వాసన వస్తే తిప్పి పంపుతుందట."

శాంతమ్మ డ్యూటీ దిగిన ప్రతిసారీ ఒకే చీర కట్టింది, ఎనిమిది దినాలు. హాస్టలు వంటగదిలో వెల్లుల్లి, ఎండుమిర్చి వేయించింది. వార్డెను కిటికీలన్నీ తెరిచింది. చీర మడిచి, అత్త పేనిన బొందు ఒకటి చుట్టి, పోస్టులో వేసింది. ఆ తర్వాత మూడు నెలలకొకటి చొప్పున పంపుతూనే వచ్చింది.

రెండేళ్లకు శాంతమ్మ తిరిగి వచ్చినప్పుడు స్టేషనులో ఎస్తేరు భీమక్క వెనక దాక్కుంది. జట్కాలో తల తిప్పి చూడలేదు. శాంతమ్మ పిలవలేదు. ఇంటికి వచ్చి, బొంబాయిలో కట్టిన చీరతోనే పొయ్యి ముందు కూర్చొని తిరగమోత వేసింది. కాసేపటికి వీపు మీద కొంగు కదిలింది. ఎస్తేరు దాన్ని గుప్పిట పట్టుకొని, ముక్కుకు ఆనించుకొని, ఆమె పక్కన కూర్చుంది.

శాంతమ్మ గరిటె కింద పెట్టి గడప వైపు చూసింది. భీమక్క అక్కడే ఉంది. పక్కన దావీదు.

"ఒక్క పూట," అన్నది భీమక్క కొడుకుతో. "ఒక్క పూటకే వచ్చెరా."

దావీదు తల్లి చెయ్యి పట్టుకొన్నాడు.