తొందర తీసేసిన గొంతు

ఆ రోజుల్లో కాకినాడలో ఇల్లు కొనేవాళ్లు అన్నిటికన్నా ముందు అడిగే ప్రశ్న, అలల గోడ కనిపిస్తుందా అని. సముద్రం ఊరి మీదికొచ్చింది, ఊరు వెనక్కి జరిగింది, రెంటికీ మధ్య ఎత్తయిన గోడ లేచింది. ఆ గోడ కనిపించే కిటికీ ఉన్న ఇంటికి గిరాకీ. శర్వాణి మాత్రం అలాంటి కిటికీ ఉన్న గదిని కూతురికి ఇచ్చినందుకు రోజూ తనను తాను తిట్టుకునేది. పదిహేనేళ్ల మేదిని పాఠం తెరవగానే చూపు కిటికీ దాటిపోయేది. గోడ తలుపులెత్తే యంత్రాలు, వాటి మీద వాలే పిట్టలు, వెనకాల నీళ్లు. పాఠం చెప్పే తెర ఆ పిల్ల తిరిగొస్తుందేమోనని చూసి చూసి, చివరికి వాళ్లమ్మకు కబురు పెట్టేది.

యంత్రాలు అంత తెలివిమీరిన కాలంలోనూ మేదిని ఇబ్బందికి పేరు దొరకడానికి ఏళ్లు పట్టింది. డాక్టరు ఏడీహెచ్‌డీ అంది. తెలుగులో అవధాన లోపమని చెప్పి, అది పిల్ల చేసే తప్పు కాదని కూడా చెప్పింది. అప్పటిదాకా ఇంట్లో దానికి వేరే పేర్లుండేవి. ఒకసారి బద్ధకం, ఇంకోసారి పొగరు. చాలాసార్లు ఏ పేరూ లేకుండా, వంటింట్లోంచి "మేదినీ" అని ఒక్క కేక. భర్త సోమశేఖర్ సముద్రంలో గాలిమరల స్టేషన్లో పనిచేసి నెలకోసారి ఇంటికొచ్చేవాడు కాబట్టి, ఆ కేకలన్నీ శర్వాణివే.

విచిత్రమేమిటంటే శర్వాణి చదివిందే మెదడు శాస్త్రం. నాడీ సంకేతాల ప్రయోగశాలలో ఊళ్లో పిల్లల అవధానాన్ని కొలిచే మనిషి, ఇంటికొచ్చి సొంతపిల్ల దగ్గర అందరి అమ్మల్లాగే గొంతు చించుకుంది. డాక్టరు మాట విన్న రోజు ఆమె ఆఫీసుకు పోలేదు. వంటింట్లో స్టూలు మీద కూర్చుని కొంగు తడిసేలా ఏడ్చింది. నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలియాలి అన్నది ఆమె బాధ. అది న్యాయమైన బాధే.

మందులు మొదలయ్యాయి. బడిలో పరీక్షలకు కాస్త ఎక్కువ సమయం ఇచ్చారు. రెండూ సాయం చేశాయి. ఒకనాడు అన్నం తింటూ మేదిని అంది:

"మందేసుకుంటే కూర్చోగలుగుతున్నానమ్మా. కానీ ఎప్పుడు జారిపోతున్నానో నాకు తెలీట్లేదు. జారినప్పుడు ఎవరైనా మెల్లగా చెప్తే వచ్చేస్తాను."

ఆ మాటలోంచి పుట్టిందే పిలుపుగింజ.

చూడ్డానికి చింతగింజంత ఉంటుంది. చెవి వెనక చర్మానికి అతుక్కుంటుంది. మెదడులో పుట్టే సన్నటి విద్యుత్ సంకేతాలను చర్మం మీదినుంచే చదువుతుంది. మనసు పనిలోంచి జారే ముందు ఆ సంకేతాల్లో ఒక వదులు కనిపిస్తుంది. గింజ దాన్ని పసిగట్టి, ఎముక ద్వారా చెవిలోకి ఒక పిలుపు పంపుతుంది. పక్కవాళ్లకు వినబడదు. పేరు పెట్టి పిలిచి, ఎక్కడ ఆగిందో చెప్పి ఊరుకుంటుంది. గంటలు, బీప్‌లు అన్నీ వాడి చూశారు. మెదడు వాటికి నాలుగు రోజుల్లో అలవాటుపడి పట్టించుకోవడం మానేసింది. మనిషి మెదడు ఎన్నాళ్లయినా పెడచెవిన పెట్టనిది ఒక్కటే, తనను పెంచినవాళ్ల గొంతు. అందుకని ప్రతి గింజలోనూ ఆ పిల్ల తల్లిదో తండ్రిదో గొంతు పెట్టాలని శర్వాణే ప్రతిపాదించింది. ప్రయోగానికి ఒప్పుకున్న పిల్లల్లో మేదిని కూడా ఉంది. ఆమే అడిగి చేరింది.

గొంతు అమర్చే రోజు ప్రయోగశాలలో ముగ్గురే ఉన్నారు. మేదిని చెవి వెనక గింజ పెట్టుకుని కుర్చీలో కూర్చుంది. ప్రయోగశాల పెద్ద డాక్టర్ కరీముల్లా తెర ముందు నిలబడ్డాడు. శర్వాణి మైకు దగ్గర కూతురి పేరు పలికింది.

తెర మీద ఎర్ర గీత ఒకటి నిట్టనిలువుగా లేచింది.

"ఇంకోసారి పిలవండమ్మా," అన్నాడు కరీముల్లా.

శర్వాణి ఈసారి మెత్తగా పిలిచింది. తర్వాత నవ్వుతూ పిలిచింది. అమ్మలూ అంది, తల్లీ అంది. ఎలా పిలిచినా గీత లేచింది.

"అది అవధానం గీత కాదు కదా సార్," అంది శర్వాణి. ఆమెకు తెలియక కాదు, ఆయన అవధానం గీతేనంటాడేమోనని ఆశ.

"కాదమ్మా. భయం గీత."

"గింజలో లోపమేమో."

"పొద్దున్నించి పదిమంది పిల్లలకి చూశాం కదమ్మా. ఎవరికీ ఇలా రాలేదు." ఆయన ఆ మాట ఎంత నెమ్మదిగా అన్నా అది తగలాల్సిన చోటే తగిలింది.

మేదిని కుర్చీలోంచి తల్లిని చూసింది. తప్పు తనదే అయినట్టు మొహం పెట్టింది.

"నువ్వేం చేయలేదులే అమ్మా. నువ్వు పేరు పెట్టి పిలవగానే ఏం మర్చిపోయానా అని వెతుక్కుంటాను. అంతే."

శర్వాణి బయటికెళ్లి నీళ్లు తాగొచ్చింది. ఆమె వచ్చేసరికి కరీముల్లా గింజకు కొత్త పని అప్పజెప్పాడు. అది శర్వాణి గొంతునే తీసుకుని కొంచెం కొంచెం మారుస్తూ, మేదిని చెవిలో వేసి చూస్తూ, గీత ఎక్కడ లేవదో వెతుక్కుంటూ పోయింది. చాలాసేపటికి గీత పడుకుంది. మేదిని భుజాలు కిందికి దిగాయి. ఆ పిలుపును ఆయన స్పీకర్లో వినిపించాడు.

"మేదినీ... రెండో లెక్క సగంలో ఉంది నాన్నా."

శర్వాణి ఆ గొంతును గుర్తుపట్టింది, కానీ ఎప్పుడూ వినలేదు.

"ఇది నేనేనా సార్?"

"మీరేనమ్మా. తొందర తీసేసింది, అంతే."

ఆ తర్వాత ఇల్లు ఇల్లులా మారింది. మేదిని లెక్కలు పూర్తయ్యేవి. బడికి తీసుకెళ్లిన గొడుగు బడినుంచి తిరిగొచ్చేది. మొదలుపెట్టి వదిలేసిన బొమ్మల్లో ఒకటి, గోడ మీద పిట్టల బొమ్మ, మొదటిసారి చివరిదాకా రంగు పూయించుకుంది. బడిలో టీచరు మెచ్చుకుందని చెబుతుంటే ఆ పిల్ల మొహంలో వెలుగు చూసి సోమశేఖర్ కళ్లు తుడుచుకున్నాడు.

గింజ వాడకానికి శర్వాణి ఒక నియమం పెట్టింది. మొదటి కొన్ని నెలలు ఇంట్లోవాళ్లు పిల్లను పేరు పెట్టి పిలవకూడదు. రెండు గొంతులు కలిస్తే మెదడు తికమకపడుతుంది, పిలిచే పని గింజకు వదిలేయాలి. శాస్త్రం ప్రకారం నియమం సరైనదే. శర్వాణి దాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. అన్నం పెట్టి బల్ల మీద చప్పుడు చేసేది. ఏదైనా చెప్పాలంటే ఎదురుగా వెళ్లి నిలబడేది. పిలవాల్సిన అవసరం లేకపోవడం మొదట్లో హాయిగా ఉంది. ఆ హాయిని తలుచుకుని తర్వాత చాలా సిగ్గుపడింది.

ఎందుకంటే మేదిని గింజతో మాట్లాడటం మొదలుపెట్టింది. గది తలుపు దగ్గర్నుంచి వినబడేది. "ఉండు, ఈ ఒక్క వాక్యం రాసేసి వస్తా." "సరేలే, గుర్తుంది." ఒక్కోసారి చిన్న నవ్వు. గింజ బదులు చెప్పదు, దానికి పిలవడం తప్ప ఏమీ రాదు. అయినా ఆ పిల్ల చెప్పుకునేది. తనకు దక్కని ఆ గారం తన గొంతుకే దక్కుతుంటే శర్వాణి తలుపు దగ్గరే ఆగిపోయేది. అసూయపడింది. ఎవరి మీదో చెప్పుకోవడానికి కూడా వీల్లేని అసూయ.

ప్రయోగశాలలో అందరూ భోజనానికి వెళ్లినప్పుడు ఆమె స్పీకర్లో ఆ పిలుపు పెట్టుకుని వినేది. విని, అలాగే పలికేది. మొదట్లో రెండో అక్షరానికే తొందర వచ్చేసేది. ఒకరోజు కరీముల్లా టిఫిన్ డబ్బా కోసం వెనక్కొచ్చి చూశాడు.

"దాని దగ్గర నేర్చుకుంటున్నారా అమ్మా?"

"అది నా దగ్గర తీసుకున్నదే కదా సార్. తిరిగి తెచ్చుకుంటున్నాను."

ఆయన తెర ఆన్ చేసి, ఆమె గొంతు గీతను గింజ గొంతు గీత పక్కన పెట్టి చూపించాడు. చాలా రోజుల తర్వాత ఒక మధ్యాహ్నం ఆ రెండింటికీ తేడా కనిపించలేదు. "ఇంక మీరు పిలవొచ్చమ్మా," అన్నాడాయన. పేరు పెట్టి పిలవకూడదన్న గడువు కూడా అప్పటికి తీరిపోయింది.

శర్వాణి ఆ సాయంత్రం పెందలాడే ఇంటికి బయల్దేరింది. దారిలో చూసింది, అలల గోడ తలుపులు ఎత్తారు. ఏడాదికొకసారి లోపలి మడుగులోకి కొత్త నీళ్లు వదిలే రోజు. ఆ నీళ్ల వెంట వచ్చే చేపల కోసం గులాబీ రెక్కల పెద్ద కొంగలు వందలకొద్దీ గోడ మీదికి దిగుతాయి. పదేళ్లప్పటినుంచి మేదిని అడుగుతూనే ఉంది, కిందికెళ్లి దగ్గర్నుంచి చూద్దామమ్మా అని. ముందు హోంవర్క్ అవనీ అన్నది ప్రతిసారీ శర్వాణి జవాబు. హోంవర్క్ అయ్యేసరికి కొంగలు వెళ్లిపోయేవి.

చెప్పులు విడిచి గది గుమ్మంలో నిలబడింది. మేదిని కిటికీకి వీపు పెట్టి పుస్తకం మీదికి వంగి ఉంది. ఆమె వెనక ఆకాశమంతా గులాబీ రంగు. శర్వాణి నేర్చుకున్నదంతా గుర్తుచేసుకుని పిలిచింది.

"మేదినీ... నాన్నా."

మేదిని తల ఎత్తలేదు. చెయ్యి మాత్రం అలవాటుగా చెవి వెనక్కి వెళ్లి అక్కడ మెల్లగా తాకింది. పెదవుల మీద చిన్న నవ్వొచ్చింది.

"చదువుతున్నాలే," అని ఇంకొంచెం వంగింది.

సరిగ్గా ఇప్పుడే గింజ కూడా పిలిచిందేమో అనుకుంది శర్వాణి. అనుకుంటూ గుమ్మం పక్కన అరలోకి చూసింది. పిలుపుగింజ అక్కడ చార్జింగ్‌లో ఉంది.

పిల్ల విన్నది తన గొంతే. అంత ప్రేమగా పిలిచేది అమ్మ అయ్యుంటుందని ఆ పిల్లకు తోచలేదు.

పాత గొంతుతో ఒక్క కేక పెడితే మేదిని వెంటనే లేచి ఇటు తిరుగుతుంది. ఆ సంగతి శర్వాణికి తెలుసు. కొంగలు ఒక్కొక్కటే లేస్తున్నాయి, ఇంకాసేపు ఆగితే ఏమీ మిగలవు. ఆమె కేక పెట్టలేదు. దగ్గరికి నడిచి, కూతురి భుజం మీద చెయ్యి వేసింది.

మేదిని ఉలిక్కిపడి తిరిగింది. తల్లిని చూడగానే నవ్వు పోయింది. గబుక్కున లేచి నిలబడి, పుస్తకం వైపు, సంచి వైపు, బల్ల మీదికి కంగారుగా చూసింది.

"ఏం మర్చిపోయానమ్మా?" అంది.