చక్రవర్తికి అరువిచ్చిన ముఖం

మూడో తన్నుకి తలుపు ఊడుతుంది.

యోర్గ్ లోపలికి తూలి, గోడ పట్టుకుని నిలబడతాడు. అప్పుడే తెల్లవారుతోంది. కిటికీలోంచి మంచు వెలుతురు. పక్క ఖాళీ. పెట్టె ఖాళీ. నేల మీద కరిగిన సీసం చుక్కలు...

గాలిలో మందుగుండు వాసన.

"తాళంచెవి నా నడుముకే ఉంది మాస్టారూ," అంటుంది వెనక నుంచి సత్రం నడిపే ఉర్సులా. "అడిగితే ఇచ్చేదాన్ని."

"బాతిస్తా ఎక్కడ?"

"చీకటితోనే పోయాడు. భుజాన పొడుగాటి మూట. నిన్న సాయంత్రం ఈ గదిలో పెద్ద మోత. ఏమిటయ్యా అంటే, రంగు ఉడికిస్తుంటే పేలింది అన్నాడు." ఆమె మూతి తిప్పుతుంది. "మీ రంగులు పేలతాయా?"

యోర్గ్ వినడం లేదు. గోడ వైపు చూస్తున్నాడు.

గోడ చెక్కల మీద ఒక ముఖం. బొగ్గుపొడి చుక్కలతో తేలిన ముఖం.

కనుబొమల మధ్య బొటనవేలు దూరేంత రంధ్రం!

"అయ్యో దేవుడా." ఉర్సులా గుండెల మీద శిలువ గుర్తు వేసుకుంటుంది. "చక్రవర్తిగారు. పురమందిరంలో ఉన్న పటం ఇదే కదా."

అదే. యోర్గ్ చేతి గీతలే. ఆస్థాన చిత్రకారుడిగా పదకొండేళ్లలో అతనికి పేరు తెచ్చిన ముఖం.

కానీ ఇక్కడ కిరీటం లేదు. బంగారు గొలుసు లేదు. అంచుకి బొచ్చు కుట్టిన అంగీ లేదు. అవన్నీ పోయాక మిగిలిన ముఖాన్ని యోర్గ్ మొదటిసారి చూస్తాడు.

ఇది చక్రవర్తి కాదు.

కాస్పర్!

అతని బావమరిది.

ఆ రంధ్రాన్ని అరచేత్తో మూస్తాడు.

చక్రవర్తి అతని ముందు కూర్చున్నది ఒక్క గంట. ఆయన కింది దవడ ముందుకు పొడుచుకొచ్చి ఉంటుంది. నోరు మూతపడదు. పక్కనున్న రాజోద్యోగి చెవిలో చెప్పాడు... ఉన్నది ఉన్నట్టు గీస్తే నీ చేతులు ఉన్నట్టు ఉండవు.

మిగతా ఆరు వారాలూ ఆ అంగీ వేసుకుని కూర్చున్నది కాస్పర్. అదే ఎత్తు, అవే భుజాలు. రాచలాయంలో గుర్రాలు కాస్తాడు. ముల్లంగి కొరుక్కుంటూ కూర్చునేవాడు. "బావా, ఈ గొలుసుతో ఒక్కసారి లాయం దాకా వెళ్లొస్తాను. గుర్రాలైనా దండం పెడతాయేమో," అనేవాడు.

యోర్గ్ మొదట కాస్పర్ దవడ ఒక్కటే అరువు తీసుకున్నాడు. ఆ దవడకి చక్రవర్తి పెదవులు అతకలేదు. పెదవులు తీసుకున్నాడు. పెదవులకి ముక్కు కుదరలేదు...

పోయిన నెల వెనిస్ నుంచి బాతిస్తా వచ్చాడు. రంగుకి నూరే నీలిరాయి అమ్ముతానన్నాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. అంత నీలం యోర్గ్ ఎన్నడూ చూడలేదు. బదులుగా వాడు అడిగింది ఒక్కటే. ముఖం గీసి, గీతల వెంట సూదితో పొడిచిన కాగితం. దాన్ని ఎక్కడ ఆనించి బొగ్గుపొడి మూట తట్టినా ఆ ముఖం అక్కడ దిగుతుంది. నకళ్లన్నీ అలాగే తీస్తారు. ఆ కాగితం చిత్రశాల గడప దాటకూడదు. దాటితే ఉరి.

మా పిన్నికి పటం కావాలి, అన్నాడు బాతిస్తా.

యోర్గ్ రెండో ప్రశ్న వేయలేదు. నీలిరాయి అంత బాగుంది. సత్రం గదిలో ఏదో పేలిందని ఈ తెల్లవారుజామున విన్నాకే ఆ ప్రశ్న పుట్టింది.

"ఈరోజు వేట కదా?" యోర్గ్ తలుపు వైపు తిరుగుతాడు.

"కొండమేకల వేట. చెక్కవంతెన మీదుగా వెళతారు. పటం చూసినవాళ్లకి తప్ప ఎవరికి తెలుస్తుంది ఆయన ఎవరో. వేటకి అందరివీ ఆ బూడిదరంగు గొంగళి బట్టలే..."

యోర్గ్ అప్పటికే మెట్ల మీద ఉన్నాడు.

పరుగు!

అరవై ఏళ్ల కాళ్లు. కింద గడ్డకట్టిన బురద. గుండె డొక్కల్లో కొట్టుకుంటోంది. జ్వరం మంచం మీద భార్య ఆగ్నెస్ చెప్పిన చివరిమాట ఆ చప్పుడులోనే వినిపిస్తోంది. మా తమ్ముడికి నువ్వు తప్ప ఎవరూ లేరు. వాణ్ణి వదలకు.

వదలలేదు. నీలిరాయికి అమ్ముకున్నాడు.

ఊరి ద్వారం దగ్గర కావలివాడు రూప్రెక్ట్ చలి కాగుతున్నాడు. భుజాన వేట కొమ్ముబూర. ఒక్కసారి ఊదితే వేట ఎక్కడిదక్కడ ఆగిపోతుంది.

"ఏం మాస్టారూ, తోడేలు తరిమిందా?"

"వేటవాళ్లు వెళ్లారా?"

"ఇప్పుడే పై దారిన వెళ్లారు. చుట్టు తిరిగి వంతెనకి దిగుతారు. మీ బావమరిది ముందు, చక్రవర్తిగారు వెనక." రూప్రెక్ట్ నవ్వుతాడు. "పటం నడుస్తుంటే, దాని వెనక అసలు మనిషి నడుస్తున్నట్టుంది. ఎవరికి వంగాలో తెలియక చచ్చాను."

యోర్గ్ కళ్లు కొమ్ముబూర మీద ఉన్నాయి.

ఊదు. ఒక్క మాట అంటే చాలు.

ఎందుకు ఊదాలి, అని అడుగుతాడు. ఎవడికో తుపాకీ ఉందని చెప్పాలి. వాడికి సూదిపోట్ల కాగితం ఎవరిచ్చారని అడుగుతారు. సాయంత్రానికి మెడకి తాడు.

"ఏమైనా చెప్పాలా?"

యోర్గ్ కొమ్ముబూర మీంచి చూపు తిప్పేస్తాడు.

"లేదు. వేట బొమ్మ గీద్దామని."

"కాగితం ఏది మరి?"

యోర్గ్ నడుస్తాడు. పది అడుగులు నడక. తరవాత పరుగు. రెండువందల అడుగులు పోయాక వెనక్కి తిరుగుతాడు. చెప్పేద్దామని.

మంచులో ద్వారం కనిపించడం లేదు. కింద వాగు చప్పుడు మాత్రం దగ్గరగా ఉంది.

వంతెనకి ఇవతల దుంగల పేర్పు. దాని వెనక నుంచి సన్నటి పొగ. తుపాకీ ఒత్తి కాలుతున్న వాసన.

"వంగు మాస్టారూ." బాతిస్తా గొంతు. "చప్పుడు చెయ్యకు."

వాడు మోకాలి మీద కూర్చుని ఉన్నాడు. తుపాకీ గొట్టం రెండు దుంగల సందులో ఆనించి ఉంది. ఒడిలో సూదిపోట్ల కాగితం.

"అది ఆయన ముఖం కాదు," అంటాడు యోర్గ్ రొప్పుతూ.

"నువ్వే గీశావు."

"అబద్ధం గీశాను. అది నా బావమరిది. గుర్రాలు కాచుకునేవాడు. ఆయన దవడ బాగాలేదని వీడిది పెట్టాను."

బాతిస్తా ఒడిలోని కాగితం వైపు చూస్తాడు.

"మా ఊరిని ఆయన ఫిరంగులు కాల్చినప్పుడు నేను పడవ మీద ఉన్నాను," అంటాడు. "వెళ్లొస్తానని మా ఆవిడకి చెప్పి వెళ్లాను. వచ్చానని చెప్పడానికి ఎవరూ మిగల్లేదు. నెల రోజులుగా ఈ ముఖం చూస్తూ నిద్రపోతున్నాను. ఇప్పుడొచ్చి కాదంటావు."

"నిజం."

"అయితే ఏది ఆయన?"

గిట్టల చప్పుడు...

మంచులోంచి మనుషులు బయటపడతారు. ఆరుగురు. వంతెన మీద నీరు గడ్డకట్టి జారుతోంది కాబట్టి అందరూ గుర్రాలు దిగి నడుస్తున్నారు. అందరివీ బూడిదరంగు బట్టలే. అందరికంటే ముందు కళ్లెం పట్టుకుని కాస్పర్. గుర్రంతో ఏదో కబుర్లు చెబుతున్నాడు.

తుపాకీ గొట్టం అతని నుదుటికి తిరుగుతుంది.

"చెప్పు. లేదంటే నాకు తెలిసిన ముఖాన్నే కాలుస్తాను."

అరవాలా? అరిస్తే మొదట తిరిగేది కాస్పరే. నుదురు నేరుగా ఇటు తిప్పుతాడు. బాతిస్తా మీద పడాలా? ఒత్తికీ మందుకీ మధ్య వేలెడు దూరం...

కాస్పర్ వంతెన సగం దాటాడు.

పదకొండేళ్లు చక్రవర్తి ఉప్పు తిన్నాడు యోర్గ్. ఆయనిచ్చిన ఇల్లు. ఆగ్నెస్ సమాధి మీది రాయి కూడా ఆయనిచ్చిందే.

బాతిస్తా వేలు బిగుస్తుంది.

"మూడోవాడు!" యోర్గ్‌కి తెలియకుండానే అతను లేచి నిలబడ్డాడు. చెయ్యి చాపాడు. గొంతులోంచి గుసగుస మాత్రమే వస్తుంది. "ఆ మూడోవాడు... నోరు మూతపడనివాడు."

గొట్టం జరుగుతుంది. కాస్పర్ మీద నుంచి పక్కకి.

జరిగింది. వాడు బతికాడు. యోర్గ్ ఊపిరి వదులుతాడు.

అప్పుడు కాస్పర్ తలెత్తుతాడు.

"బావా? ఇక్కడేం చేస్తున్నావ్?"

దుంగల పైన యోర్గ్ తల. చాచిన చెయ్యి. కాస్పర్ ఆ వేలు ఎటు చూపిస్తోందో చూస్తాడు. వెనక్కి తిరుగుతాడు. చక్రవర్తి! మళ్లీ ఇటు చూస్తాడు. దుంగల సందులో పొగ.

బావ ఎందుకు వచ్చాడో అర్థమైపోయినట్టు తల ఊపుతాడు.

కళ్లెం వదిలేస్తాడు.

వద్దు... యోర్గ్ నోరు తెరుచుకుంటుంది.

రెండే అంగలు, చక్రవర్తికి అడ్డంగా.

ఢాం!

గుర్రాలు వెనక కాళ్ల మీద లేస్తాయి. బాతిస్తా తుపాకీ విసిరేసి మంచులో కలిసిపోతాడు. నలుగురు చక్రవర్తిని కప్పేసి నేలకి అదుముతారు. ఆయన మీద గీత కూడా పడలేదు.

కాస్పర్ వెల్లకిలా పడి ఉన్నాడు. దెబ్బ గుండెల్లో. ముఖం చెక్కుచెదరలేదు.

ఆ నలుగురిలోంచి వేటపెద్ద లేచి పరిగెత్తుకొచ్చి యోర్గ్ భుజాలు పట్టుకుంటాడు. ఆయన కళ్లలో నీళ్లు.

"దేవుడు పంపినట్టు వచ్చావు మాస్టారూ. నువ్వు వేలెత్తి చూపించావు కాబట్టే ఆ పిల్లాడికి అర్థమైంది."

యోర్గ్ చెయ్యి ఇంకా దించలేదు.