చలిగది తలుపు

మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీలో ఆ చలిగది మంచిది కాదు. మా వీధిలో అందరూ ఒప్పుకున్న మాట ఇదొక్కటే. చీకటి పడితే లోపల్నుంచి ఎవరో తలుపు కొడతారట. దెయ్యాలు లేవని ఉపన్యాసాలిచ్చే లెక్కల మాస్టారు ఓ రాత్రి ఆ గోడ పక్కన సైకిల్ వదిలేసి పరుగెత్తాడు. టైరులో గాలి పోయిందన్నాడు. పరుగెందుకో చెప్పలేదు.

ఫ్యాక్టరీ నడిచే రోజుల్లో, అక్కడ పనిచేసే చిన్నోడు ఆ గదిలోనే పోయాడు. లోపల ఐసు దిమ్మలు సర్దుతుంటే బయటినుంచి తలుపు మూతపడింది. లోపలివైపు పిడి ఎప్పుడో ఊడిపోయింది. బాగుచేయిస్తా, బాగుచేయిస్తా అని యజమాని అంటూనే ఉన్నాడు, ఆయన నోటికి మాత్రం ఏనాడూ మరమ్మతు అక్కర్లేకపోయింది. తలుపు మూసింది చిన్నోడి సొంత అన్న. అక్కడి కాపలాదారు. ఇప్పటికీ రాత్రిళ్లు కాపలా ఆయనదే.

"మూసేముందు పిలిచానమ్మా. పలకలేదు," అన్నాడు చిన్నోడి భార్యతో, శవం పక్కన నిలబడి. పిలవకుండా ఆ తలుపు మూయకూడదు, అది అక్కడి పద్ధతి. రానురాను ఆ మాటకి కొమ్మలు మొలిచాయి. ఓసారి రెండుసార్లు పిలిచానన్నాడు. మరోసారి గొంతు పోయేలా పిలిచానన్నాడు. ఆమె నమ్మింది. నమ్మకపోతే ఆ ఇంట్లో ఎవరితో కలిసి ఏడవాలి?

కానీ చప్పుడు సంగతి చెవిన పడ్డాక ఆమెకి నిద్ర పట్టలేదు. అప్పుడు పలకనివాడు... ఇప్పుడెందుకు కొడుతున్నాడు?

"ఓ రాత్రి నేనూ వస్తాను, బావగారూ."

"భయపడతావమ్మా."

"నా మొగుడికి నేను భయపడ్డం ఎప్పుడు చూశారు?"

ఇక్కడినుంచి ఆమె చెప్పినట్టే చెబుతున్నాను.

టార్చిలైటు నేలమీద పెట్టుకుని, బావగారు చలిగది తలుపుకి వీపు ఆనించి కూర్చున్నాడు. ఆమె ఎదురుగా. చాలాసేపు ఏమీ లేదు. తర్వాత—

టక్. టక్. ఆపైన రేకు మీద గోరుతో గీసినట్టు... సన్నగా, పొడుగ్గా.

"విన్నావా?" బావగారి కళ్లు చెమర్చాయి. "వాడే..."

మళ్లీ. టక్. టక్...

ఆమె చూపు మెల్లగా కిందికి దిగింది.

"బావగారూ... మీ చెయ్యి."

వీపు వెనక్కి మడిచిన ఆయన చెయ్యే తలుపు కొడుతోంది. పక్కింటివాళ్ల చెంబు తన ఇంట్లో దొరికినట్టు చూశాడు దానికేసి.

ఆమెకి నవ్వొచ్చింది. వీధినంతా పరుగులు పెట్టించిన దెయ్యం ఈ అమాయకుడా! నవ్వు సగంలోనే ఆగిపోయింది.

"ఆయన ఇంట్లో ఏనాడూ తలుపు కొట్టలేదు. వీధి చివర్నుంచే కేకేసేవాడు. ఇలా కొట్టి, గోరుతో గీయడం... మీరెప్పుడు విన్నారు?"

బావగారు నోరు తెరిచాడు. పిలిచానని చెప్పబోయాడు. వచ్చింది వేరే మాట.

"ఆ పొద్దున అందరిముందూ నన్ను వెక్కిరించాడు... లోపల్నుంచి కొడుతున్నా కాసేపు ఉండనీ అనుకున్నా. అలాగే కునుకు పట్టేసింది... కానీ పిలిచాననే గుర్తమ్మా. ఒట్టు. పిలిచాననే గుర్తు."

ఆమె ఏడవలేదు. తిట్టలేదు. ఆయన్ని పక్కకి జరిపి, గడియ తీసి, లోపలికెళ్లి, అంచు పట్టుకుని తలుపు లాక్కుంది. బయట గడియ దానంతటదే పడింది.

"ఇప్పుడు పిలవండి."

కన్ను పొడుచుకున్నా కనబడని చీకటి. తుప్పు వాసన. బయట ఓ దగ్గు... ఓ మూలుగు... ఆపైన అదీ లేదు. పిలవకపోతే తనూ ఇక్కడే. అయినా తలుపు కొట్టకూడదనుకుంది.

చివరికి గొంతు వచ్చింది. పిలిచింది ఆమెని కాదు.

"చిన్నోడా... లోపలున్నావురా?"

ఆమెకి జాలేసింది. నేనున్నాను, తియ్యండి బావగారూ అందామని నోరు తెరిచింది.

ఆమె కన్నా ముందే, ఆమె వెనకనుంచి ఎవరో పలికారు.

"ఉన్నానన్నయ్యా."