నీలం చేప నిమ్మళించిన రోజు

ఇరాక్ సైన్యం కువైట్‌లోకి వచ్చి నెల దాటింది. ఆ ఉదయం కువైట్ సిటీ శివారు సల్వాలో బుడేన్ సాహెబ్ గది తలుపు తట్టిన మనిషి కాళ్ళకు చెప్పులైనా లేవు.

"సాయిబన్నా, పాస్‌పోర్టులు పోయినాయి. నాదీ, సుబ్బన్నదీ. రేప్పొద్దున్నే బస్సు," అంది ఓ కువైటీ ఇంట్లో పనిచేసే వెంకటేశ్వరి.

బుడేన్ సాహెబ్ మద్రాసులో ఒక డిటెక్టివ్ కంపెనీలో పన్నెండేళ్ళు పనిచేశాడు. అది మూతపడ్డాక కువైట్ వచ్చి గోడౌన్ కాపలాకు కుదిరాడు. కడపవాళ్ళకు ఏది పోయినా ఆయన గడపే తొక్కేవారు. ఆయన వెంట తిరిగే గంగరాజుకు ఆయనంటే దేవుడితో సమానం. పైకి అంటే తిడతాడని భయం.

ఇద్దరినీ ఆ ఇంటికి తీసుకుపోతూ దారిలో ఆమె సంగతంతా చెప్పింది. తాము మామా అని పిలిచే యజమానురాలు, భర్త బాబాతో కలిసి కారులో సౌదీకి దాటిపోతూ, పనివాళ్ళ పాస్‌పోర్టులు చేతికిచ్చి ఊరికి పొమ్మంది. వెంకటేశ్వరి వాటిని బియ్యం డ్రమ్ములో అడుగున దాచింది. ఇంట్లో ఉన్నది ముగ్గురు: ఆమె, వంటమనిషి సుబ్బన్న, డ్రైవరు సిద్ధయ్య. జోర్డాన్ వైపు పోయే ఈ బస్సు తప్పితే ఇంకోటి ఎప్పుడో చెప్పే నాథుడు లేడు.

సుబ్బన్న గుమ్మంలోనే తగులుకున్నాడు. నిన్న సిపాయిలొచ్చి టీవీ ఎత్తుకుపోయారనీ, పాస్‌పోర్టులూ వాళ్ళ పనేననీ అన్నాడు. బుడేన్ సాహెబ్ డ్రమ్ము మూత తీశాడు. బియ్యం అంచుదాకా ఉన్నాయి.

"తిండికి మొహం వాచినోళ్ళు బియ్యం ఇడిసిపెట్టి పాస్‌పోర్టులు ఏరుకుంటారా, సుబ్బన్నా?"

దాంతో సుబ్బన్నా వెంకటేశ్వరీ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఎప్పుడో కూరలో ఉప్పు ఎక్కువైన సంగతి కూడా బయటికొచ్చింది. ఒక గంట గంగలో కలిసింది. గంగరాజుకు ఒళ్ళు మండిపోయింది.

సిద్ధయ్య మూల కూర్చుని ఉన్నాడు. ఎడారిలో వఫ్రా దగ్గర గొర్రెలు కాచే పని పడక వేసవికి ముందే పారిపోయి వచ్చినవాడు. అతని పాస్‌పోర్టు వీసా ఇచ్చిన అక్కడి యజమాని, కఫీల్ దగ్గరే ఉండిపోయింది. డ్రమ్ము సంగతే తనకు తెలియదన్నాడు. ఆ ఎండల్లో అందరి చొక్కాల వీపుల మీదా చెమట ఉప్పు చారలు కట్టింది. సిద్ధయ్యకు మాత్రం చొక్కా కుడిచెయ్యి భుజందాకా గంజి పెట్టినట్టు బిరుసెక్కి ఉంది.

హాల్లో గోడ పొడుగునా ఉప్పునీళ్ళ చేపల తొట్టి. తగాదా మధ్యలోనే వెంకటేశ్వరి పోయి మేత వేసింది. బుడేన్ సాహెబ్ చేపల గురించి అడిగాడు.

"ఇవి సముద్రం చేపలన్నా, దేని రాయి దానిదే. ఈ నీలంది ఆ మూల రాయి పక్కకు ఎవుర్నీ రానీదు. సుబ్బన్న దీనికి ఇరాకీ అని పేరు పెట్టినాడు. దీనికి ఒక పక్క మేత ఏసి, అది తినేలోగా మిగతావాటికి ఇంకో పక్క ఏస్తా. మరీ ఎగబడితే తొట్టికి మొహం చూసుకునే అద్దం ఆనిస్తా, దాని నీడతో అదే కొట్లాడుకుంటాది. కొత్త చేపను తెస్తే బాబా మొదట రాళ్ళు జరుపుతాడు. ఎవురి ఇల్లు యాడో తెలీక రెండ్రోజులు అన్నీ నిమ్మళంగా ఉంటాయి."

"ఇప్పుడూ నిమ్మళంగానే ఉండాయే?"

"అదే నా దిగులు. పొద్దున్నుంచి ఎవుర్నీ కరవల్యా. జబ్బేమో."

"సిద్ధయ్య మేత ఏస్తాడా?"

"ఆయప్పా? వాసనకే వాంతొస్తాదంటాడు. తొట్టి పక్కకే రాడు."

బుడేన్ సాహెబ్ ముగ్గురినీ తొట్టి ముందు నిలబెట్టాడు. మొహంలో గెలుపు లేదు, విసుగే ఉంది.

"కొత్త చేప రాలేదు. అయినా నీలందానికి దాని ఇల్లు తెలియడం లేదు. అంటే రాయి జరిగింది. జరిపేవాడు భుజందాకా చెయ్యి ముంచాల. చెమట ఉప్పు వీపు మీద పడతాది. ఒక్క చేతి మీదే కట్టింది సముద్రపు ఉప్పు. సిద్ధయ్యా, నువ్వు తీస్తావా, నన్ను తీయమంటావా?"

సిద్ధయ్య తొట్టిలో చెయ్యి పెట్టాడు. రాయి కింది నుంచి ప్లాస్టిక్ సంచి తీశాడు. లోపల రెండు పాస్‌పోర్టులు పొడిగానే ఉన్నాయి.

"మీరు పోతే ఈ ఇంట్లో నేనొక్కణ్ణే. సిపాయిలు మళ్ళా వస్తారు," అన్నాడు.

"పాస్‌పోర్టు లేనోళ్ళకు మన ఎంబసీవాళ్ళు ఊరికి పోను కాగితం రాసిస్తాండారు. పోకపోతివే?"

"నా మీద పారిపోయిన కేసుండాది సాయిబన్నా. పేరు చెప్తే కఫీల్‌కు పట్టిస్తారు."

గంగరాజు నోరు తెరిచాడు. నెల రోజులుగా ఈ మనిషి ఎవరికి భయపడుతున్నాడో అతనికప్పుడు తెలిసింది.

"యా కఫీల్‌రా? వాడే దేశం ఇడిసి పారిపాయ," అన్నాడు బుడేన్ సాహెబ్. "ఇప్పుడు కేసు పెట్టాల్సింది వాని మీద."

వెంకటేశ్వరి పాస్‌పోర్టులు లాక్కుని రవికలో దోపుకుంది. సిద్ధయ్యను చంపేసేలా చూసింది. తర్వాత ఇంట్లో మిగిలిన రెండో కారు తాళాలు తీసుకొచ్చి అతని ముందు పడేసింది.

"లెయ్. ఎంబసీ మూసేలోగా సిటీకి పోవల్ల. కాగితం చేతికొచ్చేదాకా నీతో మాట్లాడను. ఊరు చేరినాంక కూడా మాట్లాడను."

సిద్ధయ్య తడిచేత్తోనే తాళాలు ఏరుకున్నాడు.