హెల్మెట్‌ల నల్లంచి

డిసెంబర్ పొగమంచుల, కారేపల్లి అవతలి అడవి దారి మీద బలరాంకు ఎలుగుబంటి కనబడ్డది. వాగు ఒడ్డున, పొద కింద, నల్లగ వంగి కూర్చున్నది.

బలరాం సెల్ టవర్ టెక్నీషియన్. ఎంత ఎత్తయినా ఎక్కుతడు గని జంతువులంటే భయం. ఎలుగుబంటి చచ్చినోళ్లను ముట్టదని చిన్నప్పుడు విన్నడు. బండికి స్టాండేసి, రోడ్డు మీద వెల్లకిల పడుకొని ఊపిరి బిగబట్టిండు.

అది ఎలుగుబంటి కాదు, నల్ల గొంగడి కప్పుకున్న సంగీత. ఏ చెట్టు ఎప్పుడు చిగురిస్తది, ఏ పిట్ట ఎప్పుడొస్తది, చలి ఎంతున్నది అని ఏడాది పొడుగునా అడవిని చూసే ప్రాజెక్టుల ఫీల్డ్ అసిస్టెంట్. ఆ పొద్దున తోకలూపుకుంట తిరిగే చలికాలపు పిట్టల కోసం కూర్చున్నది. బండి చప్పుడుకు అవన్నీ ఎగిరిపోయినయి. తిట్టుదామని వస్తే, మనిషి కదలకుండ పడున్నడు.

వంగి ముక్కు దగ్గర వేలు పెట్టింది. ఎలుగుబంటి వాసన చూస్తున్నదనుకొని అతను ఇంకా గట్టిగ బిగబట్టిండు. ఆమె 108కు ఫోన్ చేసి, ఎవరో పోయినట్టే ఉన్నడని చెప్పింది. ఎలుగుబంటి ఫోన్ల మాట్లాడుడేందని బలరాం ఒక కన్ను తెరిచిండు.

"పోయిందా?"

"ఏంది పోయేది?"

"ఎలుగుబంటి."

సంగీత తన గొంగడి దిక్కు చూసుకున్నది. "పోలే. ఈడనే ఉన్న," అన్నది. అంబులెన్సోళ్లకు సారీ చెప్పే పని అతనికే అప్పజెప్పింది.

అప్పటి నుంచి పనున్నా లేకున్నా బలరాం ఆ దారినే వచ్చేటోడు. సిగ్నల్ చెక్ చేస్తున్ననని చెప్పేటోడు. ఆమె నమ్మలేదు గని థర్మామీటర్ చేతికిచ్చింది. చలికి పండ్లు టకటక కొట్టుకుంటుంటే అతను రీడింగ్ తప్పు చదివేటోడు, ఆమె మళ్లా చదివించేది. మోదుగులు ఎర్రగ పూసిన పొద్దు, అడవి అంటుకున్నదని అతను ఫైరింజన్‌కు ఫోన్ చెయ్యబోతే చెయ్యి పట్టి ఆపింది. పట్టుకున్న చెయ్యి జల్దీ వదల్లే.

తునికాకు కోసే రోజులల్ల బండి ఖరాబైంది. టవర్ గుట్ట మీద కంచె పక్కన నిలబెట్టి, హెల్మెట్‌ను బండి అద్దానికి తగిలించి, బలరాం ఆటోల తండాకు పోయిండు. తర్వాత మెకానిక్‌ను తోలుకొచ్చేసరికి నల్లంచి పిట్ట ఒకటి హెల్మెట్‌ల గూడు కట్టి గుడ్లు పెట్టింది. వెంట వచ్చిన సంగీత బండికి అడ్డం నిలబడ్డది. పిల్లలు ఎగిరేదాంక బండి కదలొద్దు, ఈడ గట్టిగ మాట్లాడొద్దు అన్నది. మెకానిక్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, పైలం అన్నా అని బలరాంకు చెప్పి వెళ్లిపోయిండు.

ఎండలకు గుట్ట రాళ్లు కాలుతున్నా, రోజూ ఇద్దరు పాత దుప్పటిని గుడారం లెక్క కట్టి దాని చాటున కూర్చున్నరు. అన్నం తిన్నవా అన్నా గుసగుసే, అలిగినా గుసగుసే. ఈ గూడే ఈడ చివరి లెక్క, పిల్లలు ఎగిరినంక తన పని భద్రాచలం అవతలికి మారుతదని సంగీత ఒకపాలి చెప్పింది. బలరాం "మంచిదే" అన్నడు. గుసగుసగ అంతకన్న ఏం చెప్పాల్నో తోచలే.

అతని తల్లి జమ్లి కల్లూరుల సంబంధం చూసింది. పిల్లను చూడ రమ్మంటే, బండి లేదు, దాంట్ల పిట్ట పిల్లల్ని చేసింది అన్నడు. బస్సుల పోదామంటే, వాటికి ఇంక రెక్కలు రాలేదన్నడు. ఎన్నిసార్లు అడిగినా రెక్కలు రాలేదనే అన్నడు. పిట్ట రెక్కలకూ పెండ్లిచూపులకూ సంబంధమేందో అర్థంగాక, బండిని తనే గుంజుకొస్తనని జమ్లి ఆటో ఎక్కింది.

గుట్ట మీద కొడుకూ, ఎవరో పిల్లా మోకాళ్ల మీద కూర్చొని హెల్మెట్ దిక్కు చూసుకుంట గొణుగుతున్నరు. దేవునికి మొక్కుతున్నరేమో అనుకొని జమ్లి చెప్పులు విడిచింది. బలరాం "అమ్మా" అని గొణిగేలోపే దగ్గరికి పోయి లోపలికి తొంగి చూసింది.

"దీంట్ల ఏం లేదు గద బిడ్డా."

సంగీత తల వంచుకున్నది. పిల్లలు ఎప్పుడో ఎగిరిపోయినయి. "చెప్తే హెల్మెట్ తీస్కొని పోతడు గద, అత్తా. ఆఫీసోళ్లకు గూడ ఇంక ఎగరలేదనే చెప్పిన."

అత్తా అన్న మాటకు జమ్లి తలెత్తి కొడుకు దిక్కు చూసింది.

"నాకు తెలుసు," అన్నడు బలరాం. "ఎగిరిన పొద్దే చూసిన."

"మరి ఇన్ని రోజులు గుసగుసలెందుకు?" అన్నది సంగీత.

"గట్టిగ మాట్లాడితే నీ పని అయిపోయినట్టే గద. భద్రాచలం పోతే పో. ఆడ గూడ టవర్లున్నయ్, నేనొస్త. ఒక్కదానివే పోకు."

తొలకరి చినుకులు మొదలైనయి. ముగ్గురూ దుప్పటి కిందికి జరిగిండ్రు. సంగీత బలరాం చెయ్యి పట్టుకున్నది, ఈసారి అసలే వదల్లే.

జమ్లి ఇద్దరి నడుమ తల పెట్టి, హెల్మెట్ దిక్కు ఒకసారి చూసి, గొంతు బాగా తగ్గించి అడిగింది.

"ఏ తండా బిడ్డా మీది?"

సంగీత కూడా గుసగుసగనే చెప్పింది: తండా పేరు, నాయిన దేవ్లా పేరు, ఆయన ఫోన్ నంబరు.