నడవలో ఇత్తడి రీలు

మా చెల్లెలి మెడలో గాలం దిగింది. ఏటి గట్టున కాదు, సముద్రం ఒడ్డున కాదు. తన ఇంట్లోనే, తన పడకగదికీ కూతురి గదికీ మధ్య ఉన్న నడవలో. ఆ ఇంట్లో నీళ్ళంటూ ఉంటే కుళాయిలోనే. పెంచుకునే చేప కూడా ఒక్కటి లేదు.

ఆ నడవకి అప్పటికే పేరు చెడింది. ఇల్లు తుడిచే ఆవిడ చీకటి పడితే చీపురు నడవ గుమ్మం దగ్గరే ఆపేసేది. "అటు పక్క శుభ్రంగానే ఉందమ్మా" అనేది, అటు చూడకుండానే. కింది వాటా ఆవిడ ఏదైనా అడగడానికొస్తే ముందు గదిలోనే నిలబడి అడిగి వెళ్ళిపోయేది. ఎందుకని అడిగితే ఒకరూ సరిగ్గా చెప్పరు.

"ఏదో శబ్దం..."

"వెనక ఎవరో కూర్చుని చూస్తున్నట్టు..."

నేను నవ్వాను. కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పేదాన్ని. శబ్దం వచ్చిందంటే ఏదో కదిలింది. కదిలిందంటే దాన్ని ఏదో లాగింది. అంతకు మించి వెతకక్కర్లేదని నా లెక్క.

ముందు మా మరిది గురించి చెప్పాలి. చెల్లెలి మొగుడు. పళ్ళ డాక్టరు. ఈత రాదు. చేప తినడు, ముల్లు గొంతులో దిగుతుందని భయం. జన్మలో ఒక్కసారి కూడా గాలం వేసిన పాపాన పోలేదు. అలాంటి మనిషికి పాత గాలాల పిచ్చి పట్టింది. వెదురు కర్రలు, దారం చుట్టే ఇత్తడి రీళ్ళు, ఈకలతో కట్టిన ఉత్తుత్తి ఈగలు, నీళ్ళ మీద తేలే రంగు వెలిసిన బెండ్లు, సీసపు గుళ్ళు... చేపలు పట్టే ముసలాయన ఎక్కడ పోయినా ఈయనకి కబురు అందేది. పరామర్శకి వెళ్ళినట్టు వెళ్ళి, చంకలో కర్రల కట్టతో తిరిగొచ్చేవాడు.

"చావు కబుర్ల కోసం కాచుకుని కూర్చునే మొగుడు నాకే దొరకాలా అక్కా?" అనేది చెల్లి.

వాటిని నడవ గోడంతా పరిచాడు. అద్దాల బీరువాలో పెట్టుకోవచ్చు కదా అన్నాను ఒకసారి.

"అద్దం వెనక పెడితే అది శవపేటిక వదినా. గట్టు మీద ఎలా ఉంటుందో ఇక్కడా అలాగే ఉండాలి."

అంటే, కర్రలు గోడ నుంచి ఏటవాలుగా పైకి లేచి ఉండాలి. రీల్లోంచి దారం తీసి, కర్ర మీది రింగుల గుండా ఎక్కించి, చివర సీసపు గుండూ కొక్కెమూ వేలాడదీయాలి. చనిపోయిన మనిషి కట్టిన ముడి విప్పకూడదు. ఆయన వాడిన దారం మార్చకూడదు. ఇలాంటివి దాచుకునే మిగతావాళ్ళు కొక్కెం మొనకి చిన్న బిరడా ముక్క గుచ్చి ఉంచుతారట. మా మరిదికి అది అపచారం.

"పిల్ల తిరిగే ఇల్లండీ," అంది చెల్లి.

"పిల్లకి అందనంత ఎత్తులోనే ఉన్నాయి."

నిజమే. పిల్లకి అందవు. పెద్దవాళ్ళకే అందుతాయి.

ఆ గోడ మీదకి చివరగా వచ్చింది పెద్ద ఇత్తడి రీలు. దాని తాలూకు ముసలాయన ఏటి గట్టున కూర్చుని, గాలం పట్టుకునే పోయాడు. సాయంత్రం వెతుక్కుంటూ వెళ్ళినవాళ్ళకి కళ్ళు తెరిచి నీళ్ళవైపే చూస్తూ కనిపించాడట. చెయ్యి రీలు పిడి మీద బిగుసుకుపోయింది. వేళ్ళు ఒక్కొక్కటే విడదీయాల్సి వచ్చింది.

"తీసుకెళ్ళండి," అందట ఆయన కోడలు. "ఒకసారి పట్టిందాన్ని వదిలే రకం కాదు మా మావయ్య."

ఈ మాట మరిది భోజనాల దగ్గర మురిసిపోతూ చెప్పాడు. చెప్పి ఊరుకోక, రీలు తెచ్చి పళ్ళేల మధ్య పెట్టాడు.

"పెద్ద చేపని లాగకూడదు వదినా. లాగితే దారం తెగుతుంది. అది పరిగెడితే వదలాలి. ఆగితే చుట్టాలి. మళ్ళీ వదలాలి, మళ్ళీ చుట్టాలి. చివరికి అదే అలిసిపోయి గట్టుకొస్తుంది."

పట్టుకుని చూపించాడు. దారం వదిలేటప్పుడు కర్ర్‌ర్... మని అరుస్తుంది. చుట్టేటప్పుడు మెత్తగా, టిక్... టిక్... టిక్...

"కళ్ళు మూసుకున్నా ఏది ఏదో తెలిసిపోతుంది."

"ఎవరో నిద్రలో పళ్ళు నూరినట్టుంది," అంది చెల్లి.

"పళ్ళు నూరేవాళ్ళు నా దగ్గరికే రావాలి."

ఆయన ఒక్కడే నవ్వాడు.

ఇక్కణ్ణుంచి చెల్లి చెప్పినట్టే చెబుతాను. అది దెయ్యం కథలు చదవదు. తనకి అవసరం తీరిపోయిందంటుంది.

రీలు గోడకెక్కిన వారంలోనే మొదలైంది. దీపాలార్పి పడుకుంటే... కర్ర్. ఆగిపోతుంది. ఊపిరి బిగబట్టి వింటే ఏమీ ఉండదు. అనవసరంగా భయపడ్డాను అనుకుని కళ్ళు మూస్తే... కర్ర్‌ర్...

లేచి లైటు వేస్తే, గుండు కిందికి దిగి నేల మీద ఉంటుంది. దాని వెనక దారం. కొక్కెం మొన పిల్ల గది వైపు తిరిగి ఉంటుంది.

మొగుణ్ణి లేపితే "ఎలకలే" అని అటు తిరిగి పడుకునేవాడు.

పొద్దున్నే వెళ్ళి చూస్తే మాత్రం అంతా పద్ధతిగా ఉండేది. దారం రీలు మీద వరస తప్పకుండా చుట్టి ఉండేది. కొక్కెం పైన, దాని చోట అది. ఆయనే లేచి చుట్టి ఉంటాడు, పైకి ఒప్పుకోవడానికి నామోషీ అనుకుంది చెల్లి. అడగలేదు. అప్పటికే వాళ్ళిద్దరి మధ్య మాటలు "వడ్డించనా", "ఊఁ" దాకా వచ్చి ఆగాయి.

రాను రాను గుండు పిల్ల గుమ్మానికి ఇంకాస్త దగ్గరగా కనిపించసాగింది. చెల్లి నిద్ర మానేసింది. నడవలో కుర్చీ వేసుకుని పిల్ల గుమ్మానికి అడ్డంగా కూర్చునేది. తను మెలకువగా ఉన్నంతసేపూ రీలు పలికేది కాదు. రెప్పలు వాలగానే... కర్ర్. ఉలిక్కిపడి లేస్తే నిశ్శబ్దం. మళ్ళీ రెప్పలు వాలితే, మళ్ళీ. మనిషి చిక్కి సగమైంది. పట్టపగలు పొయ్యి దగ్గర నిలబడి తూగేది.

"వాటిని తీసెయ్యండి," అంది చివరికి. "పిల్ల కోసమైనా."

"ఆ గోడ తీసేస్తే ఈ ఇంట్లో నాకేం మిగులుతుంది?" అన్నాడు మొగుడు.

ఎదురుగా పెళ్ళాం ఉంది. పక్కగదిలో కూతురుంది. ఆ మాట అని, చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి భోజనాలయ్యాక కరెంటు పోయింది. చెల్లి గిన్నెలు సర్దుతోంది. నడవ అవతలి నుంచి పిల్ల పిలిచింది.

"అమ్మా..."

"వస్తున్నా."

కర్రలున్న గోడకి దూరంగా, ఎదుటి గోడ తడుముకుంటూ నడిచింది. సగం దూరం వెళ్ళింది. మెడ వెనక ఎవరో వేలితో తాకినట్టయింది... మరుక్షణం మంట.

అడుగు ముందుకు వేసింది.

కర్ర్‌ర్‌ర్...

చీకట్లో రీలు అరిచింది. దారం వస్తోంది, తనతోపాటే. చెల్లి బిగుసుకుపోయి ఆగింది. రీలూ ఆగింది.

చాలాసేపు ఏమీ లేదు.

టిక్.

టిక్... టిక్...

దారం బిగిసింది. తల వెనక్కి వంగింది. తను వేయకుండానే అడుగు వెనక్కి పడింది.

"అమ్మా, నేను రానా?"

"వద్దు," అంది చెల్లి, గొంతు పెంచకుండా. "మంచం దిగకు తల్లీ. దుప్పటి కప్పుకో. నడవలోకి రాకు."

ముందుకి గుంజింది. కర్ర్‌ర్... అలిసి ఆగింది. టిక్... టిక్... పరిగెడితే వదులుతోంది. ఆగితే చుడుతోంది. చెయ్యి వెనక్కి పెట్టి దారం పట్టుకోబోతే వేలు తెగింది. వెనక, గోడ వైపు, ఎవరో స్థిమితంగా కూర్చున్నట్టు ఊపిరి చప్పుడు. తొందరేమీ లేదు ఆ ఊపిరికి.

ఎన్నిసార్లు గుంజిందో తనకే తెలియదు. ఇంక కూలబడేలోగా, పడకగది వైపు నుంచి ఫోను వెలుగు పడింది. మరిది. గోడ దగ్గర కర్రలు తప్ప ఎవరూ లేరు.

"కదలకు. చూడనీ."

"దారం తెంపండి."

"ఆగు..."

"తెంపండి. వంటింట్లో కత్తెరుంది."

"తెంపితే ఎలా? అది ఆయన కట్టిన ముడి. కొక్కెమే నిదానంగా తీస్తాను, ఓర్చుకో."

రోజూ నోళ్ళలో పనిచేసే చేతులు కదా, నేర్పుగానే తీశాడు. నేర్పుకి నేను వంక పెట్టను. కానీ తీసినంతసేపూ కట్టుకున్నదాన్ని ఆ దారానికి కట్టేసే నిలబెట్టాడు. అంతా అయ్యాక దారం వెలుగులో పెట్టి చూసుకుని ఊపిరి వదిలాడట.

"ఏమీ కాలేదు," అన్నాడట.

దారం గురించి.

తెల్లారగానే చెల్లి కూతుర్ని తీసుకుని మా ఇంటికొచ్చింది. మెడకి కట్టు.

"నేనింక వెళ్ళనక్కా."

"దేనికి భయపడి వచ్చావు? దెయ్యానికా, మొగుడికా?"

"తేడా తెలియడం లేదు," అంది.

మంచి సమాధానమే. కానీ కాపురం అంత తేలిగ్గా వదులుకోకూడదని నాకు అనిపించింది. పిల్లని మా ఇంట్లో ఉంచి, చెల్లిని వెంటబెట్టుకుని పట్టపగలు ఆ ఇంటికి వెళ్ళాను. కిటికీలన్నీ తెరిపించి, రీలు నేనే విప్పి చూశాను. అరగంటలో లెక్క తేలిపోయింది. లోపలి పళ్ళచక్రం అరిగింది. దాన్ని ఆపే ఇనప నాలుక పట్టు తప్పినప్పుడల్లా గుండు బరువుకి దారం జారుతుంది. గుండు గుండ్రం. కడిగిన నీళ్ళు చివరి తూములోకి పోవడానికి నేల పిల్ల గది వైపే వాలుగా వేశారు. కాబట్టి అటే దొర్లుతుంది. నిన్న రాత్రి కొక్కెం మెడ ఎత్తుకి జారి ఉంది, చీకట్లో తగిలింది. ముందుకి గుంజితే దారం వచ్చింది.

"మరి ఆ టిక్, టిక్?" అంది చెల్లి.

"నీ గుండె చప్పుడు. నెలల తరబడి నిద్ర లేని మనిషివి."

"ఆ ఊపిరి?"

"నీదే."

చెల్లి తల దించుకుంది. మరిది ముఖం వికసించింది.

"నేనూ అదే అంటున్నా వదినా. చదువుకున్నవాళ్ళు చెబితే ఆ దారే వేరు." పెళ్ళాం వైపు తిరిగాడు. చాలాకాలం తర్వాత మెత్తగా మాట్లాడాడనుకుంటా. "పైకి అలా అంటావుగానీ దాని మీద నీకూ మనసుంది. నేను గమనించలేదనుకోకు. రోజూ పొద్దున్నే ఎంత ఒద్దికగా చుట్టి పెడుతున్నావు. అంత వరసగా నాకే రాదు."

చెల్లి మెల్లిగా తలెత్తింది.

"చుట్టేది మీరు కదా?"

"నేనా? గోడకి పెట్టాక నేను దాన్ని ముట్టుకోనేలేదు."



గుండు దారాన్ని దించగలదు. వాలు దించగలదు. అరిగిన చక్రం దించగలదు. దాన్ని పైకెత్తి, వరస తప్పకుండా చుట్టడానికి మాత్రం చెయ్యి కావాలి.

రీలు అప్పటికే నేను విప్పి బల్ల మీద పెట్టాను. ముక్కలు ముక్కలుగా ఉంది. అయినా నా వెనక, గోడ వైపు నుంచి...

టిక్.

చెల్లి చెప్పులేసుకుంది. నేనూ వేసుకున్నాను. మెట్లు దిగేదాకా ఇద్దరం వెనక్కి చూడలేదు. కాపురం మాట మళ్ళీ నేనెత్తలేదు.

ఇప్పుడు చెల్లి, పిల్ల వేరే ఇంట్లో ఉంటున్నారు. చెల్లికి నిద్ర పడుతోంది. కాస్త ఒళ్ళు కూడా చేసింది. మరిది ఆ ఇంట్లోనే ఉన్నాడు, గోడతో.

కొన్నాళ్ళ కిందట మందుల కొట్టు దగ్గర కనిపించాడు. మొదట గుర్తుపట్టలేదు. చొక్కా హ్యాంగరుకి తగిలించినట్టుంది. కళ్ళ కింద నలుపు. మాట్లాడుతున్నంతసేపూ మెడ వెనక గోక్కుంటూనే ఉన్నాడు.

"మీ చెల్లిని ఒక్కసారి రమ్మనండి వదినా. ఎక్కువసేపు వద్దు. వచ్చి కాసేపు కూర్చుంటే చాలు."

"ఎక్కడ కూర్చోవాలి?"

"నడవలో." గొంతు తగ్గించాడు. "నాకు నిద్ర లేదు. బాగా అలిసిపోయాను. తను జాలిగుండె మనిషి... చెబితే వస్తుంది."

నిజం. చెబితే వస్తుంది. నా చెల్లెల్ని నేనెరగనా.

ఏదో అనబోయాను. ఈలోపు ఆయన మాట మధ్యలో ఆగింది. గడ్డం పైకి లేచింది. ఒక అడుగు వెనక్కి వేశాడు. ఎవరో పిలిస్తే వేసే అడుగు కాదు. ఇంకో అడుగు. వెనక రోడ్డు మీద ఎవరూ లేరు.

"వెళ్ళాలి," అన్నాడు. "ముసలాయన తొందరపెడుతున్నాడు."

వెనక్కి తిరగకుండా, నా వైపే చూస్తూ, అలాగే అడుగులు వేసుకుంటూ ఇంటి దారి పట్టాడు.

మందులు తీసుకుని నేను చెల్లి ఇంటికే వెళ్ళాను. పిల్ల హోంవర్కు రాసుకుంటోంది. "దారిలో ఎవరైనా కనిపించారా అక్కా?" అని అడిగింది చెల్లి, ఊరికే, మంచినీళ్ళిస్తూ.

ఎవరూ లేరన్నాను. ఆయన రమ్మన్న కబురు చెల్లికి చేరకూడదని కొట్టు దగ్గరే అనుకున్నాను. ఇప్పటిదాకా చేరనివ్వలేదు.