భుజం పట్టుకునే మరమనిషి

మూడో షెడ్డు చివర, పెట్టెలు పేర్చే మూలకి రాత్రిపూట ఎవరూ వెళ్లరు. వెళ్లొద్దని బోర్డేమీ లేదు. అక్కడ దెయ్యం ఉందని చెప్పుకుంటారు, అంతే.

ఆ మూల పనిచేసేది మనిషి కాదు, మరమనిషి. రెండు చేతులు, రెండు కాళ్లు, ముఖం ఉండాల్సిన చోట నల్లటి అద్దం. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషులందరికీ మేనేజరు దాన్ని చూపించి, తెలివంతా దానిదే, వెనక ఎవరూ ఉండక్కర్లేదని కోతలు కోసేవాడు. వాళ్లు నోళ్లు తెరిచి వినేవాళ్లు.

షెడ్డులో మిగతా మరమనుషులు కుదురుగానే ఉండేవి. ఈ చివరిది మాత్రం... అర్ధరాత్రి దాటాక పని మధ్యలో ఆగి, ఎడమ చేత్తో కుడి భుజం పట్టుకుని నిలబడేదట. ఎవరైనా అటు నడిస్తే — మెల్లగా తల తిప్పి చూసేదట.

ఫోర్క్‌లిఫ్ట్ డ్రైవరు ఒకసారి అది చూసి, బండి అక్కడే వదిలేసి పరిగెత్తాడు. ఎప్పుడో చచ్చిపోయిన పనివాడి ఆత్మ దాంట్లో దూరిందని తేల్చాడు. ఏ పనివాడు, ఎలా చచ్చాడు అంటే నీళ్లు నమిలాడు. ఆ షెడ్డులో విసుగుతో తప్ప ఇంతవరకు ఎవరూ చావలేదు. అయినా అంతంత మగాళ్లూ ఆ మూలంటే తోక ముడిచారు.

చివరికి అక్కడ ఊడ్చే పని ఫిట్టరు పెళ్లాం నెత్తిన పడింది. ఫిట్టర్ని ఈ మరమనుషులు రాగానే పనిలోంచి తీసేశారు. ఆమెని పిలిచే పేరు మాత్రం మారలేదు.

"దెయ్యమా? దూరడానికి దానికి ఇంతకంటే మంచి కొంప దొరకలేదా?" అని చీపురు తీసుకుని వెళ్లింది.

మొదటి రాత్రే తడిగుడ్డ తీసి దాని ముఖాన కొట్టింది. "మా నోటికాడి కూడు లాక్కున్నావు కదరా" అంది. మరమనిషి గుడ్డని తీసి, పిండి, బకెట్టు అంచున ఆరేసింది.

"అణకువ కూడా నేర్పారన్నమాట."

అప్పటినుంచి ఊడుస్తున్నంతసేపూ దానితోనే మాట్లాడేది. ఇంట్లో మొగుడితో మాటలు ఎప్పుడో తగ్గిపోయాయి మరి.

"మా ఇంట్లో ఒకాయన ఉన్నాడు. ఒక బొమ్మ వచ్చి పొమ్మంటే పోయాడు. ఇప్పుడేమో రాత్రుళ్లు ఏదో కంప్యూటరు పనంట. ఫోనులో అలారం పెట్టుకోవడం రాదు ఆయనకి. ఎక్కడో పడి నిద్రపోయి, ముఖం మీద చారలేసుకుని తెల్లారి వస్తాడు. ఆయనకంటే నువ్వే నయం."

మరమనిషి పెట్టెలు ఎత్తుతూనే ఉండేది.

ఒక రాత్రి గొంతు తగ్గించి చెప్పింది. "ఈ నెల జీతం అందగానే మా అక్క దగ్గరికి వెళ్లిపోతా. ఆయనకి చెప్పను కూడా చెప్పను."

పెట్టె గాల్లోనే ఆగిపోయింది... చాలాసేపు.

"ఆగిపోయావేం? నీకెందుకు ఆ బాధ?" అని గిరుక్కున తిరిగింది. నేల మీద నూనె. కాలు జారింది.

పడలేదు. ఒక చెయ్యి మోచెయ్యి దగ్గర పట్టుకుని నిలబెట్టింది. కుడి చెయ్యే ఆమెకి దగ్గర. అయినా పట్టుకున్నది ఎడమ చెయ్యి. తర్వాత అదే చేత్తో మరమనిషి తన కుడి భుజం గట్టిగా పట్టుకుని, తల వంచి నిలబడింది.

కొత్త మరమనిషికి భుజం నొప్పేమిటి?

ఆ నిలబడే తీరు ఆమె ఎరుగును. పెళ్లయిన కొత్తలో ఇనుపకడ్డీ మీద పడి మొగుడి భుజం దెబ్బతింది. ఎక్కువసేపు చెయ్యెత్తితే చాలు, ఇలాగే పట్టుకుంటాడు. ఇలాగే తల వంచుతాడు.

ఆయనకి ఏదో అయింది. ప్రాణం పోయి... ఇక్కడికి వచ్చింది.

దెయ్యాల్ని వెక్కిరించిన మనిషి చీపురు పారేసి, చెప్పుల్లేకుండా ఇంటిదాకా పరిగెత్తింది. ఇంటికి తాళం. గుమ్మంలో కూలబడి, ఆయన్ని బతికించమని తెల్లారేదాకా తెలిసిన దేవుళ్లందరికీ మొక్కింది.

తెల్లారాక సందు చివర ఆయన కనిపించాడు. నడిచే వస్తున్నాడు. ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. ఆయన వచ్చి పక్కనే మెట్టు మీద కూర్చున్నాడు. కళ్ల చుట్టూ అవే చారలు. ఎడమ చెయ్యి కుడి భుజం మీదికి పోయింది.

"మీ అక్క దగ్గరికి... వెళ్లాలనే అనుకున్నావా?"

ఆమె ఏడుపు ఆగిపోయింది. ఆ మాట ఆమె ఈ లోకంలో ఏ మనిషికీ చెప్పలేదు.

"ఆ మరమనిషికి బుర్రా లేదు, ఏమీ లేదు" అన్నాడు ఆయన నేలకేసి చూస్తూ. "మా కళ్లకి అద్దాలు కట్టి, చేతులకి తొడుగులేసి, పట్నంలో ఒక గదిలో నిలబెడతారు. నేను చెయ్యెత్తితే అక్కడ అది ఎత్తుతుంది. బయట చెబితే పని పోతుందన్నారు. అది చూసేది నాకు కనిపిస్తుంది. వినేది... వినిపిస్తుంది."

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుంది.

"మొదటి రాత్రి కూడా... మీరేనా?"

"నేనే. తడిగుడ్డ ముఖాన కొట్టావు చూడు." ఆయన ఆమె వైపు చూడలేదు. "ఆ తడి మాత్రం నాకు తగల్లేదులే."